ముప్పై ఎనిమిదో ఎంట్రీ

పన్నెండో మెట్టు దగ్గర పాల్ రాజు ఆగి, చెప్పులో రాయి ఇరుక్కున్నట్టు వంగాడు. రాయి లేదు. ఎన్నడూ లేదు. ఎడమ చెప్పు తీసి, దులిపి, మళ్ళీ తొడుక్కునే ఆ కాస్త వ్యవధిలో ఊపిరి కూడదీసుకోవడం అతని అలవాటు. ఆఫీసులో చేరిన కొత్తలో ఇరవై నాలుగు మెట్లూ ఒక్క ఊపున ఎక్కేవాడు. కొన్నేళ్ళకు ఇరవయ్యో మెట్టు దగ్గర రాయి ఇరుక్కోవడం మొదలైంది. తర్వాత పదహారో మెట్టుకు దిగింది. ఈ ఎండాకాలం నుంచి పన్నెండు.

కింద బట్టల దుకాణం షట్టరు ఎత్తుతున్న నాగమల్లేశ్వరి తలెత్తి చూసింది.

"ఏంది అన్నా, ఊళ్ళో రాళ్ళన్నీ నీ చెప్పులోకే వస్తన్నయ్యా?"

"మార్కాపురం గదమ్మా. రాళ్ళకేం కరువు" అన్నాడు నవ్వుతూ. ఆ ఒక్క మాటకే రొమ్ములో ఈల వినబడింది. ఆమెకు వినబడకుండా గొంతు సవరించుకుని మిగతా పన్నెండు మెట్లూ గోడ పట్టుకుని ఎక్కాడు.

అతనికి యాభై నాలుగేళ్ళు. చూసినవాళ్ళు అరవై దాటాయనుకుంటారు. ఉతికి ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, మణికట్టు దాకా పెట్టుకున్న గుండీలు, జేబులో ఒక పెన్ను, ఒక చేతిరుమాలు. ఎత్తుగా లేచిన భుజాల మధ్య మెడ సన్నగా ఉంటుంది. గోళ్ళ మూలల్లో బూడిదరంగు గీత ఒకటి ఉంది. పలకల ఫ్యాక్టరీ వదిలి పన్నెండేళ్ళయినా ఏ సబ్బుకూ అది లొంగలేదు. ఇరవై రెండేళ్ళు రాయిని రేకులుగా చీల్చి, మిషను కింద పెట్టి కోసి, దేశమంతా పిల్లలు అఆలు దిద్దుకోవడానికి పలకలు తయారుచేసిన చేతులవి. పిల్లలు పలకలు మానేశారు, ఫ్యాక్టరీ మూతబడింది. దుమ్ము మాత్రం పోవాల్సిన చోటుకే పోయి కూర్చుంది.

ఆఫీసంటే ఒకటే పొడుగాటి గది. నాలుగు కంప్యూటర్లు, ఒక నీళ్ళ క్యాను, బస్టాండు రోడ్డు మీదకు ఒక కిటికీ. యజమాని రమణ బడులకూ కాలేజీలకూ ఇంటర్నెట్టులో నింపే దరఖాస్తు ఫారాలు తయారుచేయించి ఇస్తాడు. వాటిని రాసేది కొనకనమిట్ల నుంచి రోజూ బస్సులో వచ్చే లక్ష్మీప్రియ. ఆమె రాసినవాటిని తప్పుగా నింపి చూసేది పాల్ రాజు. తప్పులు చేయడానికి జీతం తీసుకునే మనిషి ఈ ఊళ్ళో అతనొక్కడే.

ఆ ఉద్యోగం కూడా తప్పులోంచే వచ్చింది. అటెండరుగా చేరిన ఏడాది, కూతురు ఇందుకు కాలేజీ దరఖాస్తు నింపుదామని సాయంత్రం పూట కంప్యూటరు ముందు భయం భయంగా కూర్చున్నాడు. మగ, ఆడ అని రెండు గుండ్రాలు కనబడ్డాయి. మొదట పొరపాటున ఒకటి నొక్కాడు, తర్వాత రెండోది నొక్కాడు. రెండింటిలోనూ చుక్క పడింది. మర్నాడు పొద్దున రమణ కాలేజీకి అప్పజెప్పాల్సిన ఫారం అది. అప్పట్లో ఫారాలు రాసిన కుర్రవాడు లోపల ఒక్కో గుండ్రానికి ఒక్కో పేరు పెట్టి కూర్చున్నాడు. గుంపులో ఉన్నవాటన్నిటికీ ఒకటే పేరుంటేనే, ఒకదాన్ని నొక్కితే రెండోది ఖాళీ అవుతుందట. రమణ తల పట్టుకుని, ఆ తర్వాత నవ్వి, "చదువుకున్నోళ్ళు ఇట్లాంటి తప్పులు చెయ్యలేరు పాల్ రాజూ, నువ్వే చెయ్యగలవు" అన్నాడు. అది పొగడ్తేనని పాల్ రాజు అనుకున్నాడు. మర్నాటి నుంచి అతనికి కుర్చీ వచ్చింది.

కుర్చీతోపాటు తన సొంత ఆస్తి ఒకటి తెచ్చుకున్నాడు. ఫ్యాక్టరీ మూసేసిన రోజు ఆఖరుగా కోసిన రేకుల్లో అంచు విరిగిన పలక ఒకటి. చట్రం లేదు. దాన్ని బల్లమీద పెట్టి, దానిమీద మౌస్ తిప్పుతాడు. పన్నెండేళ్ళ రాపిడికి నడుమ భాగం నున్నగా, నల్లగా తేలింది.

తప్పుగా నింపేటప్పుడు పేరు దగ్గర ఏం రాయాలో అతనికి మొదట్లో తోచలేదు. లేనివాళ్ళ పేర్లు పుట్టించడం అబద్ధమనిపించి తన పేరే రాశాడు. అదే ఆఫీసుకు పద్ధతయిపోయింది. నర్సరీ పిల్లవాడి దరఖాస్తులోనూ పాల్ రాజే, నర్సింగు సీటు కోరే అమ్మాయి దరఖాస్తులోనూ పాల్ రాజే. ఫారం బయటికి వెళ్ళేముందు లక్ష్మీప్రియ ఒక్క ఆదేశం కొడుతుంది, పాల్ రాజు పేరున్న ఎంట్రీలన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. అతని దగ్గర ఒక పొడుగు నోటుబుక్కు ఉంటుంది. ఎన్ని ఎంట్రీలు వేశాడో, దేన్ని ఖాళీగా వదిలితే ఏమయిందో అందులో రాస్తాడు. పేజీ పైన అతని చేత్తో 'సరి' అని పడితేనే ఫారం గడప దాటుతుంది. ఆ ఒక్క పద్ధతిని రమణ కూడా ఎన్నడూ తప్పలేదు.

ఆ రోజు వచ్చింది పలకల కార్మికుల సర్వే ఫారం. ఒక సేవాసంస్థ వీధి వీధికీ మనుషుల్ని పంపి, రాతిదుమ్ము జబ్బున్నవాళ్ళను ఎంచి, ఎక్స్‌రేలు తీయించి, నెలనెలా మందులిస్తుందట. సాయంత్రం అయిదింటికి ఫారం సర్వేవాళ్ళ ఫోన్లలోకి పోవాలి.

పాల్ రాజు మొదటి ప్రశ్న నుంచి మొదలుపెట్టాడు. 'ఈ వ్యక్తి: ఉన్నారు, వలస వెళ్ళారు, లేరు' అని మూడు గుండ్రాలు. ఏదీ నొక్కకుండా సబ్మిట్ కొట్టాడు. 'ఒకటి ఎంచుకోండి' అని ఎర్రక్షరాలొచ్చి ఫారం ఆగింది. బాగుంది. 'లేరు' నొక్కాడు. కింద ఉన్న ప్రశ్నలన్నీ మాయమై పేరు, వయసు, ఊరు మాత్రం మిగిలాయి.

"పాపా, లేరు అంటే కిందియ్యన్నీ పోతన్నయ్యే."

"కావాలనే పెట్టినా పెదనాయనా" అంది లక్ష్మీప్రియ తల తిప్పకుండా. "చనిపోయినోళ్ళకు ఆయాసం ఉందో లేదో ఎందుకు?"

"అదీ నిజమేలే" అని నోటుబుక్కులో రాసుకున్నాడు.

ఏడో ప్రశ్న దగ్గర అతని చెయ్యి ఆగింది. 'నడిచేటప్పుడు, మెట్లెక్కేటప్పుడు ఆయాసం వస్తుందా? ఉంది, లేదు.' పేజీ తెరుచుకోగానే 'లేదు' గుండ్రంలో చుక్క పడి ఉంది. తానేమీ నొక్కలేదు. తీసేద్దామని దానిమీదే నొక్కాడు. పోలేదు. టిక్కు పెట్టే చదరపు గడినైతే మళ్ళీ నొక్కి చెరిపేయొచ్చు. గుండ్రం అట్లా కాదు. పక్కదాన్ని నొక్కితే అటు మారుతుంది గానీ రెండూ ఖాళీ కావడం మాత్రం కుదరదు. ఖాళీగా వదిలి చూడటమే తన పని, ఖాళీ చేయడానికే వీల్లేకుండా ఉంది.

"ఇదేంది పాపా, ముందే నొక్కి ఉంది?"

లక్ష్మీప్రియ ఈసారి కుర్చీ తిప్పింది. ఆమె ముఖం కొంచెం నలిగింది. "నేను మామూలుగానే రాసినా పెదనాయనా. గుంపంతా వెతికి, ఒక్కటీ నొక్కకపోతే ఆపమని. పోయిన ఆదివారం, అసలు ఫారం కాదు ట్రయలే గదా అని, నీకు చూపియ్యకుండానే సారు ఒక వీధికి పంపినారు, ఎర్రక్షరాలొచ్చి ఆగిపోతందని సర్వేవాళ్ళు ఆ పొద్దున్నే సారుకు ఒకటే ఫోన్లంట. పది గంటలకల్లా సారు 'లేదు' ముందే పెట్టేయమన్నారు. ఇంక నా చెకింగుకు పనే లేదు. ఎప్పుడూ ఒకటి నొక్కే ఉంటది గదా."

ట్రయల్ జాబితా చూపమన్నాడు. ఆమె విడిగా దాచిన ఫైలు తెరిచి ఇచ్చింది. రెండువందల పన్నెండు పేర్లు. ఆయాసం 'ఉంది' అని తొమ్మిది. మిగిలినవన్నీ 'లేదు'.

అది తన వీధే. ఒక్కొక్క పేరూ చదువుకుంటూ పోయాడు. పొద్దున నలుగురు కలిసి బోరింగు దగ్గర నిలబడితే ఇద్దరు గోడకు చేరబడే వీధి అది. పండగ ఆరాధనలో పాట మూడో చరణానికి వచ్చేసరికి ఆడవాళ్ళ గొంతులే మిగిలే వీధి. నూట నలభై ఆరో వరుసలో తన పేరు కనబడింది. పాల్ రాజు, యాభై నాలుగు, ఇరవై రెండేళ్ళ పని. ఆయాసం: లేదు.

మధ్యాహ్నం డబ్బా తెరవకుండానే అదే వీధిలో కాపురముంటున్న కూతురు ఇందుకు ఫోను చేశాడు.

"వచ్చినారు నాయనా, ఆదివారం నువ్వు ఇంట్లో లేనప్పుడు" అంది ఇందు. "నీ పేరు, వయసు, ఫ్యాక్టరీలో ఎన్నేండ్లు చేసినావో అడిగినారు. నేనే చెప్పినా."

"ఆయాసం సంగతో?"

"అది అడగల. అడిగితే చెప్పనా నేను? అడిగితే గంట సేపు చెప్తారని భయపడినట్టుంది, మా అత్తనూ అడగల."

ఫోను పెట్టి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. త్రిపురాంతకం బస్సు ఎక్కడానికి జనం తోసుకుంటున్నారు. మగ్దలీనమ్మ గుర్తుకొచ్చింది. ఫ్యాక్టరీలో పలకలు రుద్ది నునుపు చేసే వరుసలో కూర్చునేది అతని భార్య. ఒకసారి డాక్టర్ల క్యాంపు పెట్టారు. గుమాస్తా పని తొందరగా తెమలాలని పొద్దున్నే కాగితాల కట్ట ముందేసుకుని, జబ్బుల వరుసలో 'లేదు' మీద టిక్కులు కొట్టి ఉంచాడు. ఆడవాళ్ళు వరుసగా వచ్చి వేలిముద్ర వేసి పోయారు. మగ్దలీనమ్మ కూడా వేసింది. ఏళ్ళు గడిచి, పడుకుంటే ఊపిరాడక గోడకు ఆనుకుని కూర్చుని తెల్లవార్లూ గడిపే రోజుల్లో, సాయం అడగడానికి పోతే ఆ కాగితమే తీసి చూపించారు. నీకేం లేదని నువ్వే వేలిముద్ర వేశావు కదమ్మా అన్నారు. ఆమె పోయి ఆరేళ్ళు. కోపం రావాల్సిన చోట పాల్ రాజుకు ఆ రోజు దుఃఖమే వచ్చింది. ఇవాళ కోపం వచ్చింది.

నోటుబుక్కు తెరిచి, పేజీ పైన 'సరి' రాసే చోట ఏమీ రాయకుండా మూసి పక్కన పెట్టాడు.

మూడింటికి రమణ వచ్చాడు. చెమట తుడుచుకుంటూ "అయిపోయిందా?" అన్నాడు.

"లేదు సారు. ఏడో ప్రశ్నలో ముందే నొక్కి ఉంది. అది తియ్యాల."

"అది నేనే పెట్టమన్నా. ముప్పై మంది ఆడోళ్ళు ఎండలో తిరుగుతున్నారు. ఎర్రక్షరాలొస్తే వాళ్ళు ఫోను చేసేది నాకు, నీకు కాదు. ఉన్నోళ్ళు ఉంది అని మారుస్తారులే. ఏం పోయింది?"

"అడిగితే గదా సారు మార్చేది."

పాల్ రాజు తెరను అతనివైపు తిప్పాడు. "ఇది మా వీధి. రెండువందల పన్నెండు మందిలో తొమ్మిదంట. ఎర్రక్షరాలు వస్తే వాళ్ళు తప్పనిసరిగా అడగాల. రాకపోతే ఎవురూ అడగరు. మనం రాసిందే వాళ్ళ జవాబయితది."

"నీ పేరు గూడ ఉంది గదా ఇక్కడ" అన్నాడు రమణ తెరమీదకు వంగి. "నీకు గూడ లేదనే ఉంది. మరి నీకుందా?"

లక్ష్మీప్రియ కీబోర్డు మీద చేతులు ఆపేసింది. ఈ మూడేళ్ళలో ఆమె చాలాసార్లు అడిగిన మాటే అది. పెదనాయనా, దగ్గు తగ్గలేదా, ఆయాసమా అంటే, లేదు పాపా, దుమ్ము పడదు అంతే అనేవాడు. ఎందుకంటాడో ఆమెకు తెలుసు. ఊడ్చే పోలేరమ్మ కస్టమర్ల ముందు రెండుసార్లు తెరలు తెరలుగా దగ్గినందుకు, ఇంటికాడ రెస్టు తీసుకోమని రమణ ఎంత మెత్తగా చెప్పాడో, ఆమె మళ్ళీ ఎట్లా మెట్లెక్కలేదో ఇద్దరూ చూశారు.

పాల్ రాజు పలకమీద చెయ్యి పెట్టాడు. చల్లగా ఉంది. లేదంటే ఇంకో రెండేళ్ళు ఈ కుర్చీ ఉంటుంది. లేదని చెప్పడం అతనికి కష్టం కాదు. ఇన్నాళ్ళూ అడగకముందే చెప్పిన జవాబు అదే.

"ఉంది సారు" అన్నాడు. "ఏడేండ్ల నుంచి ఉంది. మెట్లెక్కేటప్పుడు నా చెప్పులో రాయి ఉండదు."

రమణ చెడ్డవాడు కాడు, చెడ్డవాడైతే తేలిగ్గా ఉండేది. చాలాసేపు తెర వంకే చూసి, లక్ష్మీప్రియతో "తీసెయ్. ముందులాగే పెట్టు. ఫోన్లు నేను చూసుకుంటా" అన్నాడు. తలుపు దాకా పోయి వెనక్కి తిరిగాడు. "ముందే చెప్పొచ్చు గదా పాల్ రాజూ. ఈ మెట్లు నీకు కష్టం. ఈ నెలాఖరు దాకా రా. తర్వాత ఇంటికాడ రెస్టు తీసుకుందువులే."

"సరే సారు" అన్నాడు పాల్ రాజు.

నాలుగున్నరకల్లా లక్ష్మీప్రియ పని ముగించింది. పాల్ రాజు మళ్ళీ మొదటినుంచి నింపాడు. ఏడో ప్రశ్న ఖాళీగా వదిలి సబ్మిట్ కొడితే ఎర్రక్షరాలొచ్చి ఫారం మొండికేసింది. కదలనే లేదు. మూడుసార్లు కొట్టి చూశాడు, మూడుసార్లూ ఆగింది. అంత సంతోషం ఆ కుర్చీలో అతనికి మునుపెన్నడూ కలగలేదు. ముప్పై ఏడు ఎంట్రీలయ్యాయి. నోటుబుక్కు తెరిచి పేజీ పైన 'సరి' అని రాశాడు.

లక్ష్మీప్రియ వచ్చి ఆ మాట చూసుకుని తన కుర్చీకి పోయింది. అప్పటికే ఆమె చెవిలో ఫోనుంది. సేవాసంస్థవాళ్ళు అటువైపు నుంచి అయిదయిపోతోందని తరుముతున్నారు.

పాల్ రాజుకు ఆ సంగతి తెలియలేదు. ఫారాన్ని ఇంకోసారి తెరిచాడు. ఈసారి తప్పుగా నింపలేదు. ఉన్నారు. పాల్ రాజు. యాభై నాలుగు. పలకల కోత, ఇరవై రెండేళ్ళు. భార్య మగ్దలీనమ్మ, లేరు. ఏడో ప్రశ్న దగ్గర రెండు గుండ్రాలూ ఖాళీగా ఎదురుచూస్తున్నాయి. 'ఉంది' మీద నొక్కాడు. సబ్మిట్ కొట్టాడు. 'మీ వివరాలు నమోదయ్యాయి, ధన్యవాదాలు' అని పచ్చక్షరాలు వచ్చాయి. ఈ పన్నెండేళ్ళలో తన పేరుతో వేల ఎంట్రీలు వేశాడు. నిజమైనది ఇదొక్కటే. నోటుబుక్కులో ముప్పై ఏడో గీత కింద ఒక మాట రాశాడు. లక్ష్మీప్రియకు నోటితో చెబుదామని చూశాడు గానీ ఆమె ఇంకా ఫోనులోనే ఉంది. తన గురించి తాను చెప్పుకోవడం అతనికి ఎప్పుడూ చేతకాలేదు. ఎట్లాగూ రాసే ఉంది కదా అనుకున్నాడు. నోటుబుక్కు మూసి, ఆమెకు చెయ్యి ఊపి, డబ్బా తీసుకుని బయటికి వచ్చాడు.

మెట్లు దిగడం ఎప్పుడూ తేలికే. అయినా పన్నెండో మెట్టు దగ్గర ఆగాల్సి వచ్చింది. గోడకు ఆనుకుని కూర్చున్నాడు. రొమ్ములో ఈల పెద్దదై, తర్వాత చిన్నదైంది. అలవాటుకొద్దీ ఎడమ చెప్పు తీసి చేతిలో పట్టుకున్నాడు. దుకాణానికి వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు అతన్ని తప్పుకుని పైకి పోయి, ఇక్కడ కాదని కిందికి దిగారు. నాగమల్లేశ్వరి రెండుసార్లు అటు చూసింది. పొద్దుటిలాగే రాయి తీసుకుంటున్నాడనుకుంది. లక్ష్మీప్రియ ఫోను పెట్టి, ఫారం పంపి, బస్సు వేళయిందని సంచీ భుజాన వేసుకుని దిగేసరికి, చెప్పు అతని చేతిలోంచి జారి కింది మెట్టు మీద ఉంది. ఆమె "పెదనాయనా" అని భుజం మీద చెయ్యి వేసింది. అతను పలకలేదు.

సమాధి పని ముగిసిన మూడో రోజు లక్ష్మీప్రియ ఆఫీసుకు వచ్చింది. రమణ అప్పటికి రాలేదు. ఆమె తిన్నగా పోయి పాల్ రాజు కుర్చీలో కూర్చుని నోటుబుక్కు తెరిచింది. పేజీ పైన 'సరి'. ఆ రోజు తాను చూసింది అంతవరకే. కింద, ముప్పై ఏడు గీతల తర్వాత, కుదురైన అక్షరాల్లో ఇట్లా ఉంది.

'38వది తియ్యొద్దు పాపా. అది నేనే.'

ఆ సాయంత్రం తొందరలో ఎప్పటిలాగే ఆదేశం కొట్టింది తాను. పాల్ రాజు పేరున్న ఎంట్రీలన్నీ తుడిచెయ్. ముప్పై ఎనిమిది తీసివేయబడ్డాయని తెరమీద వచ్చింది కూడా. ఆ అంకెను చూసి కూడా ఆమెకు అనుమానం రాలేదు.

ఆమె ఏడవలేదు. ఫారం తెరిచింది. తానే నింపుతుంది, అతను చెప్పిన జవాబు తనకు తెలుసు, రమణ సారుకూ తెలుసు. పేరు రాసింది. వయసు, ఊరు రాసింది. ఏడో ప్రశ్నలో 'ఉంది' నొక్కింది. మొదటి ప్రశ్న నొక్కకుండానే కిందికి పోయి సబ్మిట్ కొట్టింది. 'ఒకటి ఎంచుకోండి' అని ఎర్రక్షరాలొచ్చాయి. తాను రాసిన తనిఖీయే, ఎవరినీ వదలదు. ఉన్నారు, వలస వెళ్ళారు, లేరు. చివరికి మూడోదాన్ని నొక్కింది. కింద ఉన్న ప్రశ్నలన్నీ మాయమయ్యాయి. ఏడోది కూడా. తెరమీద పాల్ రాజు, యాభై నాలుగు, మార్కాపురం మాత్రం మిగిలాయి.

ఆమె మౌస్ మీద నుంచి చెయ్యి తీసేసింది. అంచు విరిగిన ఆ పలకమీద, ఇప్పుడే మౌస్ కదిలిన జానెడు మేర నల్లగా ఉంది, మిగతా అంతా మూడు రోజుల దుమ్ము సన్నగా పరుచుకుని ఉంది.